స్పాంజీ తాగని సముద్రం



కిందటేడు నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ఒక బడికి వెళ్ళాను. పిల్లలకు సముద్రం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. దుర్గం కొండ నీడన పెరిగే పిల్లలు. తీరం అక్కడికి 80 కిలోమీటర్లకు తక్కువ లేదు. చాలామంది సముద్రాన్ని టీవీలో తప్ప చూసి ఉండరు. నేను చెప్పాల్సింది చెప్పి, "ఏమన్నా అడగండ్రా" అన్నాను. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరి వరసలోంచి ఆరో తరగతి పిల్లాడొకడు లేచాడు.

"సార్, సముద్రంలో స్పాంజీలు ఉంటాయన్నారు గదా. అవి నీళ్ళు పీల్చుకుంటా ఉంటాయి గదా. అవే లేకపోతే సముద్రం ఇంకెంత లోతుండేది సార్?"

తరగతంతా గొల్లుమంది. వాళ్ళ అయ్యవారు "కూర్చోరా" అన్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. జవాబు నా నాలుక మీద సిద్ధంగా లేదు మరి. ఏదో సగం సగం చెప్పి బయటపడ్డాను. మిగతా సగం ఈ రోజు చెబుతాను. ఆ పిల్లాడు వింటున్నాడో లేదో తెలియదు, మీరు వినండి.

మొదట స్పాంజీ సంగతి. మన పిల్లలకు తెలిసింది పలక తుడుచుకునే స్పాంజీ, లేదంటే గిన్నెలు తోముకునే స్పాంజీ. రెండూ ఫ్యాక్టరీలో తయారైనవే. పెద్దవాళ్ళకు వీటికంటే ముందు బీరపీచు తెలుసు. పాదు మీదే ఎండిన బీరకాయ తొక్క ఒలిచి, గింజలు దులిపితే మిగిలే అల్లిక గుర్తు తెచ్చుకోండి. కొన్ని రకాల సముద్రపు స్పాంజీల అస్థిపంజరం చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో వీటిని స్పంజికలు అంటారు. చెట్టులా ఒకేచోట పాతుకుని ఉన్నా ఇవి జంతువులే. మెదడు లేదు, గుండె లేదు, నరాలు లేవు, నోరు కూడా లేదు. ఒళ్ళంతా రంధ్రాలు. సన్నని రంధ్రాల్లోంచి నీరు లోపలికి పోతుంది, పెద్ద రంధ్రంలోంచి బయటికి వస్తుంది. ఆ దారిలోనే స్పాంజీ నీటిలోని బాక్టీరియాను, నలుసులను పట్టుకుని తింటుంది. ఇలా రోజుకు తన ఒంటి పరిమాణానికి కొన్ని వేల రెట్ల నీటిని వడగట్టగలదు. శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన జాతులే 9,000 దాకా ఉన్నాయి. 50 కోట్ల ఏళ్ళకు పైగా ఇవి సముద్రాన్ని వడగడుతూనే ఉన్నాయి. ఎంత నీరు లోపలికి పోయిందో అంతా మళ్ళీ బయటికే.

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. గాజు గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి, ఎండిన బీరపీచు ముక్క వేయండి. నీళ్ళలోనే రెండుసార్లు పిండితే లోపలి గాలి బుడగలై పోతుంది. ఇప్పుడు నీటి మట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, గంట తర్వాత వచ్చి చూడండి. పీచు బాగా నాని ఉంటుంది, గీత మాత్రం అక్కడే ఉంటుంది. తర్వాత పీచును పైకి తీయండి. మట్టం దిగిపోతుంది. అదే గ్లాసులోకి గట్టిగా పిండండి. దిగిన మట్టం మళ్ళీ లేస్తుంది.

అర్థమైంది గదా. స్పాంజీ నీటిని గ్లాసు దాటిస్తేనే మట్టం తగ్గుతుంది. సముద్రంలో స్పాంజీని పైకెత్తే చెయ్యి లేదు. అది పుట్టేదీ పెరిగేదీ నీళ్ళలోనే. దాని కడుపులో ఉన్న నీరు కూడా సముద్రపు లెక్కలోనే ఉంది. అగస్త్యుడు సముద్రాన్ని పుక్కిట పట్టాడని పురాణం. స్పాంజీ అలాంటి పని ఏదీ చేయదు.

అయితే ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. నీళ్ళు తాగకపోయినా, దాని ఒంటికి కొంత మందం ఉంటుంది గదా? చిన్నప్పుడు విన్న కాకి కథ ఉంది. కడవ అడుగున నీళ్ళున్నాయి, ముక్కుకు అందవు. కాకి ఒక్కొక్క రాయి తెచ్చి వేసింది, నీళ్ళు పైకొచ్చాయి. మరి సముద్రమనే కడవలో స్పాంజీలు, చేపలు, రొయ్యలు, తిమింగలాలు, కంటికి కనబడని కోటానుకోట్ల సూక్ష్మజీవులు అన్నీ రాళ్ళలాగే పనిచేయాలి. అవన్నీ ఒక్కసారి మాయమైతే సముద్రం ఎంత దిగుతుంది?

లెక్క వేద్దాం. కొలమానం కోసం నెల్లూరు జిల్లా ఆత్మకూరు వాళ్ళకు తెలిసిన సోమశిలను తీసుకుందాం. సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు. అంటే దాదాపు 2.2 ఘన కిలోమీటర్లు. ఇక సముద్రాల వైశాల్యం 36 కోట్ల చదరపు కిలోమీటర్లు, సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. ఇంత విశాలమైన నీటి మట్టం ఒక్క మిల్లీమీటరు పెరగాలంటే 360 ఘన కిలోమీటర్ల నీరు కావాలి. మన లెక్కలో 160కి పైగా సోమశిలలు.

సముద్రజీవులన్నిటి బరువు ఎంత? 2018లో వచ్చిన ఒక అంచనా ప్రకారం, అన్నిటి ఒంట్లో ఉన్న కర్బనం సుమారు 600 కోట్ల టన్నులు. తడితో కలిపిన బరువు దానికి పది రెట్లు అనుకుందాం. 6,000 కోట్ల టన్నులు. నీటితో పోల్చి చూస్తే సుమారు 60 ఘన కిలోమీటర్లు, అంటే 27 సోమశిలలు. వినడానికి పెద్ద మాటే. సముద్రం మీద పరిస్తే మాత్రం ఆరో వంతు మిల్లీమీటరు. రెండు నోటుపుస్తకపు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంత మందమో అంత. స్పాంజీలు ఒక్కటే కాదు, సముద్రంలోని ప్రాణమంతా కలిపి ఇంతే.

నిజానికి అది కూడా ఎక్కువ చెప్పినట్టే. కాకి రాళ్ళను బయటినుంచి తెచ్చింది. చేప ఒళ్ళు బయటినుంచి రాలేదు. దాని ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ నీరు సముద్రానిదే. చచ్చి కుళ్ళితే మళ్ళీ సముద్రంలోనే కలుస్తుంది.

మరి ప్రాణికీ సముద్రం లోతుకూ సంబంధమే లేదా? ఉంది. బతికున్న ఒంటితో కాదు, చచ్చాక మిగిలిన గుల్లతో.

ఈ మాట మెట్ట ప్రాంతం వాళ్ళకు చెప్పడం తేలిక. చెరువు లోతు ఎందుకు తగ్గుతుందని అడిగితే ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా చిన్నపిల్లాడు కూడా పూడిక అంటాడు. ఆత్మకూరు పక్కనే అనంతసాగరం ఉంది. ఊరి పేరులోనే అంతులేని సముద్రం. తెలుగునాట చెరువులకు సాగరమనీ సముద్రమనీ పేరు పెట్టుకోవడం పాత అలవాటు. చెరువు కట్టిన మనిషి దానిలో సముద్రాన్ని చూసుకున్నాడు. మనం ఇప్పుడు సముద్రంలో చెరువును చూద్దాం. సముద్రానికీ పూడిక పడుతుంది. దానిలో చాలా భాగం ప్రాణులు వేసిన పూడికే.

1872 నుంచి 1876 వరకు ఛాలెంజర్ అనే బ్రిటిష్ ఓడ ప్రపంచ సముద్రాలు తిరిగింది. తాడుకు బరువు కట్టి కిందికి వదిలి లోతు కొలిచేవారు, అడుగునున్న బురద తీసి చూసేవారు. చాలాచోట్ల ఆ బురద మామూలు మట్టి కాదు. భూతద్దం కింద పెడితే ఇసుక రేణువంత గుల్లలు. నీటి పైపొరలో తేలుతూ బతికే ఏకకణ జీవులు సున్నంతో కట్టుకున్న ఇళ్ళవి. ప్రాణి పోయాక ఇల్లు మెల్లగా కిందికి దిగుతుంది. లోతైన సముద్రపు నేలలో దాదాపు సగం మీద ఇలాంటి సున్నపు బురదే పరుచుకుని ఉంది.

మన తీరంలోనూ ఇలా కొలిచినవాళ్ళున్నారు. 1950ల మొదట్లో అమెరికా నుంచి వచ్చిన లఫాండ్ అనే శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి, నౌకాదళం ఓడల మీద వెళ్ళి విశాఖ దగ్గర సముద్రం అడుగును పరిశీలించాడు. నీటి కింద లోయలు బయటపడ్డాయి. ఒక లోయకు ఆంధ్ర అని పేరు పెట్టారు. ఇంకోదానికి విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞానం చెప్పిన మహదేవన్ గారి పేరు పెట్టారు.

ఈ సున్నపు పూడిక ఎంత వేగంగా పడుతుంది? వెయ్యేళ్ళకు ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లు. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నాడు. ఆ రోజు మొదలుపెట్టి ఈ రోజుకు పేరింది మహా అయితే ఒక వేలి మందం. దుర్గం గోడలు కూలి, బురుజుల మీద మొక్కలు మొలిచి, రాజ్యాలు నాలుగు మారాయి. అడుగున బురద ఒక వేలు. అయితే సముద్రానికి తొందర లేదు. కోటి సంవత్సరాలు ఇస్తే అదే బురద 100 నుంచి 300 మీటర్ల పొర అవుతుంది.

అన్నిచోట్లా ఇది జరగదు. సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల లోతు దాటితే అక్కడి చలికీ ఒత్తిడికీ గుల్ల నిలవదు, నీళ్ళలోనే కరిగిపోతుంది. మరీ లోతైనచోట సున్నపు పూడిక ఉండదన్నమాట. అక్కడ మిగిలేవి సన్నని ఎర్రమట్టి, గాజు పదార్థంతో ఒళ్ళు కట్టుకున్న సూక్ష్మజీవుల శేషాలు, వాటితో పాటు స్పాంజీల సూదులు.

గాజు అన్నాను గదా, స్పాంజీల్లో గాజు స్పాంజీలనే రకం ఉంది. ఒంట్లోని సూదులన్నీ గాజుకు మూలమైన సిలికావే. ఒకటి చచ్చాక దాని పంజరం మీద ఇంకోటి మొలుస్తుంది. ఇవి కట్టిన దిబ్బలు డైనోసార్ల కాలంలో ఐరోపాలో స్పెయిన్ నుంచి రుమేనియా దాకా ఉండేవి. ఇప్పుడు అవి కొండరాళ్ళు. అలాంటి దిబ్బలు భూమి మీద ఇక లేవనే అందరూ అనుకున్నారు. 1987లో కెనడా పశ్చిమ తీరంలో సముద్రం అడుగున బతికున్న దిబ్బలే కనిపించాయి. వయసు 9,000 ఏళ్ళ దాకా, ఎత్తు కొన్నిచోట్ల 20 మీటర్లు. అంటే ఆరేడు అంతస్తుల మేడ. అక్కడ ఆ మేరకు సముద్రం లోతు తగ్గినట్టే. ఉదయగిరి పిల్లాడి ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడైనా 'అవును' అనే జవాబు ఉందంటే అది అక్కడుంది. స్పాంజీలు నీళ్ళు తాగడం వల్ల మాత్రం కాదు, తరతరాలుగా ఒకదాని మీద ఒకటి ఇల్లు కట్టుకోవడం వల్ల.

పగడాలు ఇంకా పెద్ద మేస్త్రులు. డార్విన్ 1842లోనే ఒక మాట ఊహించాడు. సముద్రంలో అగ్నిపర్వతం మెల్లగా కుంగుతుంటే, దాని చుట్టూ ఉన్న పగడాలు వెలుతురు కోసం అంతకంత పైకి కట్టుకుంటూ వస్తాయనీ, చివరికి పర్వతం మునిగిపోయి పగడపు ఉంగరం ఒకటే మిగులుతుందనీ అన్నాడు. 110 ఏళ్ళ తర్వాత, 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో బోరు వేశారు. మనవైపు 1,000 అడుగుల బోరు అంటేనే గుండె దడ. అక్కడ 4,000 అడుగులు దాటినా పగడపు సున్నమే వచ్చింది. దాదాపు 1,400 మీటర్ల దగ్గర నల్ల అగ్నిశిల తగిలింది. మోకాటి లోతు నీళ్ళున్నచోట నిజంగా ఉండాల్సిన లోతు కిలోమీటరుకు పైన! మన లక్షద్వీపాలు కూడా పగడాలు కట్టినవే.

అంత దూరం ఎందుకు, మొన్నటిదాకా నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాకు వెళ్ళిన పులికాట్ సరస్సు ఉంది. సగటు లోతు ఒక మీటరు. సముద్రంలోకి తెరుచుకునే ముఖం ఇసుకమేటలతో పూడుకుంటుంది, కాళంగి లాంటి ఏర్లు మట్టి తెస్తాయి. వీటికి తోడు సున్నపు గొట్టాలు కట్టుకుని బతికే ఒక రకం పురుగులు గుంపుగా చేరి గట్టి దిబ్బలు పెడతాయి. అడుగున పాత ఆల్చిప్పలు, గుల్లలు పొరలుగా ఉన్నాయి. వాటిని తవ్వి సున్నానికి వాడారు. అలా గుల్లలతో చేసిందే గుల్ల సున్నం.

ఇప్పుడు మెట్టకు తిరిగి వద్దాం. ఆత్మకూరులో నిలబడి పడమరకు చూస్తే వెలిగొండలు. అవి ఒకప్పుడు నీటి అడుగున పేరిన ఇసుక, బురదే. 100 కోట్ల ఏళ్ళకు పైబడిన పూడిక గట్టిపడి, నలిగి, మడతలు పడి కొండలైంది. వెలిగొండలకు ఈవల ఉన్న పాతరాళ్ళలో రెండు వర్గాలకు భూవిజ్ఞానులు మన ఊళ్ళ పేర్లే పెట్టారు. ఒకటి వింజమూరు వర్గం, రెండోది ఉదయగిరి వర్గం. వింజమూరు వర్గంలో ఎక్కువగా అగ్నిపర్వతం పోసిన రాయి. ఉదయగిరి వర్గంలో ఎక్కువగా నీళ్ళు పేర్చిన మట్టి, ఇసుక మారిన రాయి. సముద్రం చూడని ఊరి పేరు నీటి అడుగున పుట్టిన రాళ్ళకు పెట్టారు చూడండి.

కొండలు దాటి కడప జిల్లాలోకి పోతే వేంపల్లె దగ్గర రాళ్ళలో ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలుగా గుండ్రని గీతలు కనిపిస్తాయి. 180 కోట్ల ఏళ్ళకు పైబడినవి. లోతు తక్కువ సముద్రంలో కంటికి కనబడని జీవులు జిగురు పొరలుగా పెరిగి, సున్నాన్ని పట్టి నిలబెట్టిన గుర్తులవి. అప్పటికి స్పాంజీ పుట్టలేదు, పగడం పుట్టలేదు, గుల్ల ఉన్న ప్రాణి ఏదీ పుట్టలేదు. పూడిక వేసే పని మాత్రం మొదలైంది. ఇక మన వంటింట్లో అరుగుగా వేసుకునే కడప బండ, అదీ పాత సముద్రపు అడుగున పేరిన సున్నపు రాయే.

పెన్నానది ఈ కథలో రెండు పనులు చేస్తుంది. నంది కొండల్లో పుట్టి, కడప సున్నపురాళ్ళను ఒరుసుకుంటూ వచ్చి, సోమశిల దగ్గర వెలిగొండలను కోసుకుని ఆత్మకూరు వైపు దిగుతుంది. వస్తూ వస్తూ ఆ రాళ్ళలోని సున్నాన్ని కొంత కరిగించి తెస్తుంది. అది సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఏ ఆల్చిప్పో దాన్ని తీసుకుని ఇల్లు కట్టుకుంటుంది. పాత సముద్రపు గోడ కూల్చిన సున్నంతోనే కొత్త సముద్రం ఇల్లు కట్టుకుంటోంది. నీటిలో కరిగిన సున్నాన్ని ఆనకట్ట ఆపలేదు. మట్టి సంగతి వేరు. మట్టి సోమశిలలో ఆగిపోతుంది. జలాశయం పూడుతుంది.

ఇంత పూడిక పడుతుంటే సముద్రం ఈపాటికి నిండిపోవాలి గదా? బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్రలు హిమాలయాల నుంచి తెచ్చిన మట్టి 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని, కొన్నిచోట్ల 15 కిలోమీటర్ల మందం దాటింది. అయినా బంగాళాఖాతం సగటు లోతు ఇప్పటికీ రెండున్నర కిలోమీటర్ల పైనే. బరువుకు అడుగు కుంగుతుంది. అదీకాక సముద్రపు నేల కదులుతుంది. మనమున్న భూఫలకం తూర్పున సుమత్రా, అండమాన్ల కిందికి దూరిపోతోంది. 2004 డిసెంబరు 26న ఆ అంచు ఒక్కసారిగా జారి అడుగు పైకి లేస్తేనే నెల్లూరు తీరానికి సునామీ వచ్చింది. నేటి సముద్రాల అడుగున 20 కోట్ల ఏళ్ళు దాటిన నేల చాలా అరుదు. పాతది లోపలికి పోతుంది, కొత్తది పుడుతుంది. సముద్రం తన పూడిక తానే తీసుకుంటుంది.

మరి మన కళ్ళముందు సముద్రం మట్టాన్ని మార్చేవి ఏమిటి? మంచు, వేడి. 20,000 ఏళ్ళ కిందట నీళ్ళు ఉత్తర దేశాల మీద మంచుకొండలై ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లు కిందుండేది. అప్పటి పెన్న ఇప్పటి తీరం దాటి ఇంకా తూర్పుకు పోయి సముద్రంలో కలిసేది. ఇప్పుడు మంచు కరుగుతోంది, వేడికి నీరు వ్యాకోచిస్తోంది. మట్టం ఏటా 3 నుంచి 4 మిల్లీమీటర్లు పెరుగుతోంది. మన కొలతలో ఏటా సుమారు 500 సోమశిలలు, లేదా ఆపైన. సముద్రంలోని ప్రాణులన్నిటి ఒళ్ళూ కలిపితే 27 సోమశిలలే అని ఇందాక లెక్క చూశాం. ఒక్క ఏడాది పెరుగుదల దానికి దాదాపు ఇరవై రెట్లు.

ఇదీ బాబూ నీ ప్రశ్నకు జవాబు. ఆ గాజు దిబ్బల దగ్గర తప్ప, స్పాంజీలు లేకపోయినా సముద్రం అంతే లోతుండేది. నువ్వు అడిగిన ప్రశ్న నవ్వాల్సింది కాదు. దాని వెంట పడితే కడప బండ దాకా, మీ ఊరి పేరు పెట్టుకున్న రాళ్ళ దాకా దారి ఉంది.

ఆఖరుగా పెద్దలకు ఒక మాట. సముద్రానికి తన పూడిక తీసుకునే ఉపాయం తెలుసు. గండిపాలెం జలాశయానికి, అనంతసాగరం చెరువుకు, మీ ఊరి కుంటకు అది తెలియదు. వాటికి మనమే దిక్కు. కొండవాలున ఉన్న పొదనూ చెట్టునూ కొట్టకండి, మట్టి కొండ మీదే నిలుస్తుంది. వేసవిలో చెరువు ఎండగానే ఒండ్రుమట్టి తీసి పొలాలకు తోలుకోండి. చెరువుకు లోతు, పొలానికి సత్తువ.